పేటలోని బిడ్డ అడిగిన ప్రశ్న

ధ్యాన భాగము: లూకా సువార్త 2:41–52



పండ్రెండేండ్ల బాలుడైన యేసు యెరూషలేము దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండిన సంగతి మనమెరిగినదే. ఆయన వినుటయే గాక ప్రశ్నలు కూడ అడిగెనని లూకా వ్రాయుచున్నాడు. నజరేతు చిన్న ఊరు, యోసేపు వడ్రంగి. అయినను, పల్లెటూరి పిల్లవానికి ప్రశ్నలెందుకని ఆ బోధకులు ఆయనను లేపి పంపివేయలేదు. ఈ నెల మనము ఈ సంగతిని ధ్యానింతము.

గుంటూరు మిర్చి యార్డునకు మన పొలముల పంట పోవును. పంట వెంట మన మనుష్యులును పోవుదురు. మెట్ట గ్రామములలో పనులు లేక కూలికై వెళ్లినవారు పట్టణపు అంచున పేటలలో గుడిసెలు వేసికొందురు. పురుషులు టిక్కీలు మోయుదురు. స్త్రీలు కాయల తొడిమలు తీయుదురు. అట్టి ఒక పేటలో కొందరు యౌవనులు సాయంకాలము పిల్లలను చేర్చి, బడి పాఠములతో పాటు పాటలు, బొమ్మలు, కథలు నేర్పుచుండగా మేము చూచితిమి. మాకది రుచింపలేదు. "ముందు కడుపునకు కూడు, ఒంటికి గుడ్డ. పాటలు, బొమ్మలు కలిగినవారి బిడ్డలకు గాని వీరికెందుకు?" అనుకొంటిమి.

అంతలో ఒక చిన్నపిల్ల లేచి అడిగినది: "అన్నా, రాత్రిళ్లు మా అమ్మ చేతులు మండిపోతాయి. కాయలో కారం ఎక్కడుంటుంది? గింజలోనా, తొక్కలోనా?"

ఆ యువకునికి తెలియలేదు. తెలియదని ఒప్పుకొనెను. మరునాడు తెలిసికొని వచ్చి, మా ఎదుటనే పచ్చిమిరపకాయను నిలువున చీల్చి చూపెను. గింజలను పట్టియుండు తెల్లని పొరలో కారము పుట్టును. అక్కడనుండియే గింజలకు అంటుకొనును. ఏండ్ల తరబడి మిరప పండించిన మేమును ఆ దినముననే దానిని నేర్చుకొంటిమి.

అప్పుడు మేము సిగ్గుపడితిమి. కూడు లేక బిడ్డ బ్రదుకదు, నిజమే. అయితే బిడ్డ అనగా ఆకలి మాత్రమే కాదు. తల్లి చేతుల మంటను చూచి, ఇది ఎందుకని అడుగు మనస్సును దేవుడు ఆ గుడిసెలోను పుట్టించెను. అడుగుటకు చోటు, వినుటకు మనిషి లేనియెడల ఆ ప్రశ్న కొన్నాళ్లకు ఆరిపోవును.

ఈ సంగతి మనకు క్రొత్తది కాదు. 1842లో ఫాదర్ హయ్యరు గుంటూరు చేరి బడులు పెట్టెను. 1866లో క్లౌ దొరగారు ఒంగోలు వచ్చిన పిమ్మట, ఊరికి వెలుపల నుంచబడిన పల్లెలలో బడులు వెలసెను. కూలివాని బిడ్డకు అక్షరమెందుకని అనినవారు అప్పుడును లేకపోలేదు. ఆ బడుల మూలముగానే మన తాతలు దేవుని వాక్యమును తామే చదువగలిగిరి. ఆ అప్పును ఎవరికి తీర్చుదము? ఇచ్చినవారు నేడు లేరు. పేటలోని బిడ్డ ఉన్నాడు.

2010 ఏప్రిల్ 1 నుండి, 6 మొదలు 14 ఏండ్ల వరకు గల ప్రతి బిడ్డకును ఉచిత విద్య చట్టప్రకారము హక్కు. చట్టము బడి తలుపు తెరచును. కాని సాయంకాలము ఆ బిడ్డ ప్రక్కన ఓపికతో కూర్చుండు మనిషిని చట్టము పుట్టింపలేదు. ఆ మనిషి మన యిండ్లనుండి రావలెను.

కాబట్టి ప్రత్తితీతకు, మిరపకోతకు పోవునప్పుడు బిడ్డలను బడి మాన్పించి వెంట తీసికొనిపోకుందము. పట్టణములో చదువుకొను మన యౌవనులను వారమున కొన్ని సాయంకాలములు పేటకు వెళ్లుమని చెప్పుదము. ఆ బిడ్డ ఏ కులము, ఏ మతమని అడుగకుందము. చదువును మన గుడికి రప్పించు ఎరగా చేయకుందము. అప్పు తీర్చువాడు బేరమాడడు.

బోధకుల నడుమ కూర్చుండి ప్రశ్నలడిగిన ఆ బాలుడు, పిల్లల ప్రశ్నలు వినగల చెవులను మనకు దయచేయునుగాక. ఆమేన్.