జవాబు చెప్పని గురువు



జవాబు తెలిసి కూడా, అడిగిన పిల్లవాడికి చెప్పకుండా ఊరుకోవడం న్యాయమేనా? ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టకుండా పొయ్యి చూపించినట్లు కాదా? ఈ ప్రశ్న నాది కాదు, మోస్రాలో పనిచేసే ఒక ఉపాధ్యాయురాలిది. సమస్యాధారిత బోధన మీద శిక్షణకు మొదటిసారి వెళ్లివచ్చి ఆమె అడిగిన మాట ఇది.

"మాకు పాఠమే చెప్పలేదు ఫాదర్! కాలువ చివరి పొలాలకు నీళ్లెందుకు అందవు అని ఒక సమస్య ఇచ్చి, ఐదుగురిని ఒక్కచోట కూర్చోబెట్టారు. మేము ఏమడిగినా, మీరేమనుకుంటున్నారు అని మళ్లీ మమ్మల్నే అడిగారు. ఇరవై ఏండ్లుగా పాఠం చెబుతున్నదాన్ని! జవాబు చెప్పనప్పుడు నాకు జీతమెందుకు?"

ఆమె కోపంలో నిజముంది. అయితే ఈ పద్ధతి గాలిలోంచి ఊడిపడింది కాదు. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వైద్య విద్యార్థులకు ముందు రోగి సమస్యను ఇచ్చి, దాని వెంట శాస్త్రాన్ని చదివించడం మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో కూడా 1980లలో బ్రిటిష్ సహాయంతో ప్రారంభమైన ప్రాథమిక విద్యా పథకం (పాత ఉపాధ్యాయులు 'అపెప్' అంటే గుర్తుపడతారు) చేసి నేర్చుకోవడం, పరిసరాలను వాడుకోవడం గురించి వేలాది ఉపాధ్యాయులకు చెప్పింది. అది 1996లో ముగిసింది. గోడలకు కట్టిన చార్టులు కొన్నిచోట్ల చాలాకాలం మిగిలాయి. బోధన ఎంత మారిందో మీ పిల్లలను అడగండి.

ఇంకా వెనక్కి వెళదాం. ప్లేటో రాసిన 'మెనో'లో సోక్రటీసు, చదువులేని ఒక బానిస బాలుణ్ణి పిలిచి ఒక చతురస్రం చూపిస్తాడు. భుజం 2 అడుగులు, వైశాల్యం 4. దీనికి రెట్టింపు, అంటే 8 కావాలంటే భుజం ఎంత? బాలుడు 4 అంటాడు, 16 వస్తుంది. 3 అంటాడు, 9 వస్తుంది. తనకు తెలియదని అప్పుడు ఒప్పుకుంటాడు. ఆ తర్వాతే కర్ణం మీద గీసిన చతురస్రం అతనికి కనబడుతుంది. గమనించండి, కర్ణాన్ని గీసి చూపింది సోక్రటీసే! జవాబు చెప్పకపోవడం వేరు, వదిలేసి పోవడం వేరు.

పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలో ఉపాధ్యాయుణ్ణి వైద్యుడితో పోల్చాడు. నయం చేసేది శరీర స్వభావమే, వైద్యుడు దానికి తోడ్పడతాడు. అలాగే గ్రహించేది శిష్యుని బుద్ధే. కాని ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. సొంతంగా కనుక్కోగలగడం నేర్చుకునేవాని సామర్థ్యానికి గొప్ప గుర్తే అయినా, శాస్త్రమంతా తెలిసిన గురువు శిష్యుణ్ణి త్వరగా గమ్యం చేర్చగలడు. కొత్త పద్ధతి మోజులో ఈ రెండో మాటను మరచిపోతారేమోనని నా భయం. చదువుకున్న తల్లిదండ్రులున్న బిడ్డకు బడిలో దొరకని జవాబు ఇంట్లో దొరుకుతుంది. కూలికి పోయే తల్లి బిడ్డకు టీచరు తప్ప ఎవరున్నారు? ఎక్కాలు రాని పిల్లవాడి ముందు సమస్య పెట్టి చేతులు కట్టుకొని నిలబడితే, దాన్ని స్వేచ్ఛ అనలేం.

ఆ టీచరమ్మ మాత్రం పట్టుదల గల మనిషి. ఏడవ తరగతికి ఒక సమస్య ఇచ్చింది: "మన దిక్కు చెరకు ఎందుకు తగ్గింది?" మంచి సమస్యే. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు, 1930లలోనే వెలసిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కలిసి ఈ ప్రాంతానికి ఒక బతుకునిచ్చాయి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. పిల్లలు ఇంటింటికి తిరిగి కారణాలు తెచ్చారు. ఫ్యాక్టరీ బందైందని ఒకడు, కొట్టే కూలీలు దొరకరని ఇంకొకడు, వరి అయితే ఏడాదికి రెండు పంటలని ఒక అమ్మాయి. ఏది ముందు కారణం, ఏది ఫలితం అని వాదించుకున్నారు. "మీకు గూడ తెల్వదా టీచర్?" అని ఒకడు అడిగితే, "అంతా తెల్వదు" అన్నదట.

వెనుక బెంచీలో ఒక పిల్లవాడు మాత్రం నోరు విప్పలేదు. వాళ్ల తాత ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. మిగతా పిల్లలకు అది సమస్య. వాడికి అది ఇల్లు. "వాని బాధను నా పాఠానికి వాడుకున్నానా ఫాదర్?" అని ఆమె అడిగింది. తత్వశాస్త్రం చదివిన నేను చటుక్కున జవాబివ్వలేదు. రెక్కాడితే డొక్కాడని ఊళ్లో నిజమైన సమస్య ఏదైనా ఎవరో ఒకరి ఇంటి తలుపు తట్టకుండా ఉండదు. అలాగని లెక్కల పుస్తకంలోని తొట్టినీళ్ల సమస్యలతోనే సరిపెట్టుకుంటే పిల్లలు తమ ఊరి గురించి ఆలోచించడం ఎక్కడ నేర్చుకుంటారు? ముందుగా ఆ ఇంటికి వెళ్లి, చెప్పి, వాళ్లు సరేనంటే ఆ సమస్య తరగతిలో పెట్టాలన్నాను.

ఆమె ఆ వారమే వెళ్లింది. ముసలాయన బడికి రానన్నాడు గాని, నలుగురు పిల్లలను ఇంటికి పంపమన్నాడు. ఈలోగా అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గరపడ్డాయి, రెండు పాఠాలు మిగిలిపోయాయి. వాటిని ఏం చేయమంటారని అడిగింది. సూటిగా చెప్పేయమన్నాను.