పేరును పువ్వులా విప్పండి

శ్రీకాళహస్తి అమ్మవారి పేరు జ్ఞానప్రసూనాంబ. ఆ పేరున్న ఆడపిల్లను నోరు తిరగక "గ్యానమ్మా" అని పిలిచేస్తాం. ఒక్కసారి విడదీసి పలకండి: జ్ఞాన, ప్రసూన, అంబ. జ్ఞానమనే పువ్వైన అమ్మ!

తిరుచానూరు అలమేలుమంగ పేరులోనూ పువ్వుంది. తమిళంలో అలర్ అంటే పువ్వు, మేల్ అంటే పైన, మంగై అంటే స్త్రీ. పువ్వుపై కొలువైన తల్లి. అలర్‌మేల్‌మంగై మన నోట అలమేలుమంగగా మారి, 15వ శతాబ్దంలోనే అన్నమయ్య సంకీర్తనల్లో నిలిచింది.

ప్రేమతో నునుపుదేలిన పేరు వేరు, అశ్రద్ధతో విరిగిన పేరు వేరు. కొత్త పేరు వినబడితే, "నీ పేరు ఎలా పలకాలమ్మా?" అని అడగండి. పేరును సరిగ్గా పిలవడమే మనిషికి మనమిచ్చే మొదటి గౌరవం.