కీలుబొమ్మల కచ్చేరీ

బొమ్మ పాడితే అది అబద్ధమా? ఈ ప్రశ్న పసిపిల్లలు అడిగేదిలా కనిపిస్తుంది గాని, కళకూ శ్రమకూ గల సంబంధమేమిటని ఆలోచించే ప్రతివారూ దీనికి జవాబు చెప్పుకోవలసే వుంటుంది. అమెరికాలో కుటుంబసమేతంగా పిజ్జా తినే హోటళ్లలో నలభై యేళ్లకు పైగా సాగిన ఒక విచిత్రమైన కచ్చేరీని ఆధారం చేసుకుని దీన్ని పరిశీలించాలని నా ప్రయత్నం.

ముందుగా సంగతులు. అటారీ అనే వీడియో ఆటల కంపెనీ స్థాపకులలో ఒకడైన నోలన్ బుష్నెల్ ఆలోచనతో, 1977లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరంలో ‘పిజ్జా టైమ్ థియేటర్’ వెలిసింది. డిస్నీలాండులో 1963లో ప్రారంభమైన యంత్రపక్షుల గానశాల అతనికి ప్రేరణ. చక్ ఇ. చీజ్ అనే ఎలుక, పాస్క్వాలీ అనే వంటవాడు, జాస్పర్ అనే కుక్క మొదట్లో భోంచేసేవారి తలల పైన, గోడకు వేలాడే పటాల చట్రాలలోనుంచి మాట్లాడేవారు. 1980లో దీనికి పోటీగా కాన్సాస్ సిటీలో ‘షోబిజ్ పిజ్జా ప్లేస్’ వచ్చింది. దాని వేదిక మీద, ఫ్లోరిడాలో ఆరన్ ఫెక్టర్ సంస్థ తయారుచేసిన ‘రాక్-ఎఫైర్ ఎక్స్‌ప్లోజన్’ అనే మేళం వుండేది: కీబోర్డు ముందు గొరిల్లా, డ్రమ్ముల ముందు కుక్క, గిటారు పట్టిన తెల్ల ఎలుగు, పాటపాడే ఆడ ఎలుక. ఈ బొమ్మలకు ప్రాణం గాలి. ఒత్తిడితో నింపిన గాలి చిన్న చిన్న సిలిండర్లలోకి పోయి చేతినీ, రెప్పనూ, దవడనూ ఆడిస్తుంది. ఏ క్షణాన ఏ కీలు కదలాలో చెప్పే సంకేతాలు, పాట నమోదైన టేపు మీదనే మరొక వరుసలో వుండేవి.

ఇందులోని వ్యాపారసూత్రం స్పష్టమే. పిజ్జా కాలి రావడానికి కొంతసేపు పడుతుంది. ఆ కాస్తసేపట్లో పిల్లలు ఆటయంత్రాలలో బిళ్లలు వెయ్యాలి, పెద్దలకు విసుగు పుట్టకూడదు. కచ్చేరీకి టిక్కెట్టు లేదు. టిక్కెట్టు లేని వినోదానికి వెల మరొక చోట వసూలవుతుందని వేరే చెప్పనక్కర లేదు.

ఇదంతా ఎర అని తేల్చి, విమర్శకుని పని అంతటితో తీరిందనుకునేవారున్నారు. నాకు ఆ తీర్పు చాలదు. ఎర వేసినమాట నిజం. అయినా గొరిల్లా పాటకు చప్పట్లు కొట్టిన ఆరేళ్ల బిడ్డ ఆనందం కూడా నిజమే. దానికి మనం ఏం సమాధానం చెబుతాం?

రసం ఎక్కడ వుంటుందని మన ఆలంకారికులు తరతరాలుగా వాదించారు. ప్రధానంగా అనుకార్యునిలోనని లొల్లటుడన్నాడు. నటునియందు ప్రేక్షకుడు దాన్ని అనుమానప్రమాణంతో గ్రహిస్తాడని శంకుకుడన్నాడు. భట్టనాయకుడు, అభినవగుప్తుడు చర్చను సహృదయుని వైపు మళ్లించారు. ఈ చివరి సిద్ధాంతాన్ని కొసదాకా లాగితే, నటునికి గుండె వుండి తీరాలన్న నియమం లేదు. ఉన్ని తొడుగు కింద ఇనుప ఎముకలున్నా బిడ్డలో రసం పుట్టగలదు. పైగా అది బొమ్మ అని ఆ బిడ్డకు తెలుసు. తెలిసి నమ్మడమే కదా నాటకం! కనుక బొమ్మను అబద్ధమనలేం.

అయితే లోపం ఎక్కడ? ప్రాణమున్న వాద్యకాడు సభ ముఖం చూస్తాడు. ముందువరుసలో బిడ్డ జడుసుకుని ఏడిస్తే వాయిద్యం దించుతాడు. నిండుసభలో ఒకలాగా, ఖాళీసభలో మరొకలాగా వాయిస్తాడు. టేపు మీద నడిచే మేళం నవ్వే బిడ్డకూ ఏడ్చే బిడ్డకూ ఒకే చిరునవ్వు చూపుతుంది. అది ఇస్తుంది గాని పుచ్చుకోదు. ఈ లోపం కళకు సంబంధించినది. దీనికంటె పెద్దది ఇంకొకటి వున్నది.

అమెరికా వాద్యకారుల సంఘం చరిత్ర దాన్ని విప్పి చూపుతుంది. 1927 తరువాత మాటల చిత్రాలు వ్యాపించి, మూకీలకు హాళ్లలో వాయించే బృందాలు వీధిన పడ్డాయి. 1930 ప్రాంతాన సంఘం పత్రికలలో వేయించిన ప్రకటనలలో సంగీతాన్ని హరించే యంత్రమనిషి బొమ్మ వుండేది. 1942లో సంఘసభ్యులు రికార్డులకు వాయించడం మానేశారు. 1944 దాకా సాగిన ఆ పోరాటంలో, అమ్మిన రికార్డుల మీద సంఘనిధికి సొమ్ము చెల్లించడానికి కంపెనీలు ఒప్పుకున్నాయి. మొదట వారు యంత్రాన్ని శత్రువన్నారు. తరువాత యంత్రం ఆర్జించేదానిలో పాలు అడిగారు. ఈ రెండో మెట్టే సరి అయిన మెట్టని నా అభిప్రాయం. బొమ్మల కచ్చేరీలో మనుషులు లేకపోలేదు. పాడినవారు, కీళ్లు అమర్చినవారు, తొడుగులు కుట్టినవారు అందరూ తెర వెనక వున్నారు. యంత్రం వారిని తొలగించలేదు, కనపడకుండా చేసింది.

పిజ్జా టైమ్ 1984లో దివాలా తీయగా షోబిజ్ దాన్ని కొన్నది. 1990 ప్రాంతాన రాక్-ఎఫైర్ బొమ్మల తొడుగులు ఒలిచి, అవే కీళ్లకు చక్ ఇ. చీజ్ బృందం ముఖాలు తగిలించారు. గొరిల్లా ఊదారంగు భూతమయింది. డ్రమ్ముల ముందరి కుక్క వంటవాడయింది. పాత మేళాన్ని ప్రేమించిన పిల్లల్ని అడిగినవారు లేరు. 2017లో బొమ్మలను తీసివేస్తామని కంపెనీ ప్రకటించింది. 2024 నాటికి కాలిఫోర్నియాలోని నార్త్‌రిడ్జ్ వంటి కొద్ది చోట్ల తప్ప తక్కినవన్నీ పోయి, తెరలూ నాట్యం చేసే నేలలూ వచ్చాయి. పెరిగి పెద్దవారైన ఆనాటి పిల్లలు దుఃఖించారు.

ఆ దుఃఖాన్ని వెక్కిరించడం నాకిష్టం లేదు. బొమ్మకు నొప్పి లేదు, కనుక బొమ్మకు అన్యాయం జరగలేదు. చేసినవాని శ్రమ, చూసిన బిడ్డ ఊహ, ఈ రెండూ కలిసి పెంచిన ఒక బంధం మూడోవాని ఆస్తిగా వుండిపోయింది. అన్యాయమున్నది అక్కడ. ప్రేమించినంత మాత్రాన ప్రేక్షకుడు యజమాని కాడు. అయినా అతని ఊహ లేనిదే ఆ ఇనుపకీళ్లు గాయకులు కాలేదు. లెక్కలో ఆ భాగానికి చోటు లేకపోవడం న్యాయం కాదు.

ఈనాడు కంప్యూటర్లు మనిషి గొంతుతో పాడుతున్నవి. తరగతిలో విద్యార్థులు నన్నడుగుతారు, దానికి హృదయం వున్నదా అని. అంతకు ముందు అడగవలసినవి మూడున్నాయని నేను చెబుతాను: అందులో చేరిన గొంతులు ఎవరివి? వారికి ముట్టినదెంత? దాన్ని ఆపే మీట ఎవరి చేతిలో వున్నది? వీటికి జవాబు దొరికితే హృదయం సంగతి తీరికగా చర్చించుకోవచ్చు.