ఆ గడిలో ‘లేదు’ అని రాయకు

చిరంజీవి హారికకు,

మేనత్త ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడి సంగతి నాకు తెలుసు కాబట్టి క్షేమమా అని అడగను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే ‘అత్తా, కాల్‌లో ఉన్నా’ అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావని ఆశ.

మీ అమ్మ నీ గుండె గీతల హోల్టర్ రిపోర్టుని ఫొటోలు తీసి పంపింది. కళ్ళజోడు తుడుచుకుని, పెద్దవి చేసి చూశాను. పగలు పదకొండున్నరకి, నువ్వు ఆఫీసులో కుర్చీలో ఉండగానే, చిన్న గుబ్బలు వరసగా వస్తున్నాయి, వాటి వెంట రావాల్సిన పొడుగు గీతలు మాత్రం లేవు. ఆరు సెకన్లపాటు లేవు. పైగదులు కొట్టుకుంటూనే ఉన్నాయి, ఆ కబురు కింది గదులకి అందలేదు. తర్వాత అందింది. రాత్రి మళ్ళీ అందలేదు. గుండె వార్డులో నర్సుగా చేసినదాన్ని, రిటైరై ఇన్నేళ్ళయినా ఆ గీతలు చదవడం మర్చిపోలేదు. థైరాయిడ్ చూశారు, పొటాషియం చూశారు, ఏమైనా మందులు వాడుతున్నావా అని అడిగారు. సరిదిద్దితే సరిపోయే కారణం ఏదీ దొరకలేదు. రెండో డాక్టరు కూడా పేస్‌మేకరే అన్నాడు. నేనూ అదే అంటాను.

‘ముసలాళ్ళకి పెట్టేది నాకెందుకు’ అన్నావట. ఒంట్లో పేస్‌మేకర్ పెట్టించుకున్న మొట్టమొదటి మనిషి ముసలాడేం కాదమ్మా. స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అని, 43 ఏళ్ళ ఇంజనీరు. రోజుకి ఇరవై ముప్పైసార్లు శోషొచ్చి పడిపోయేవాడు. ఆయన భార్య ఎల్స్-మారీ డాక్టర్ల వెంటపడింది. ఒంట్లో పెట్టేది ఇంకా తయారే కాలేదమ్మా అంటే, అయితే తయారు చెయ్యండి అంది. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్ దగ్గర ఓకె సెనింగ్ అనే సర్జను అమర్చాడు. రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఆయన దాన్ని బూట్ పాలిష్ డబ్బాని అచ్చుగా పెట్టుకుని పోతపోశాడు. కొన్ని గంటల్లోనే అది ఆగిపోయింది. ఇంకోటి పెట్టారు. అలా బతుకంతా కలిపి 26 మార్చారు. తయారుచేసినాయన పోయాడు, కోసి పెట్టినాయన పోయాడు, లార్సన్ మాత్రం 2001 దాకా, 86 ఏళ్ళు వచ్చేదాకా ఉన్నాడు. పోయిందీ గుండెతో కాదు, క్యాన్సర్‌తో. ఈ కథలో నాకు నచ్చింది ఆ ఇల్లాలు. మొగుడికి ఫలానా జబ్బు ఉందని నలుగురిలో నోరు తెరిచి చెప్పింది.

అది ఒంట్లో ఉంటే ఇక నీ గుండె నీది కాదనుకుంటున్నావు. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, కరెంటున్నంతసేపూ నోరెత్తదు, పోగానే అందుకుంటుంది. ఇదీ అంతే. నీ గుండె తనంతట తాను కొట్టుకుంటున్నప్పుడు ఊరికే కనిపెట్టుకుని ఉంటుంది. మా వార్డుకి ఒకసారి ఒక రైతుని మంచం మీద మోసుకొచ్చారు. నాడి 28. ఎవరినీ గుర్తుపట్టట్లేదు, ఏదో గొణుగుతున్నాడు, కాళ్ళు చల్లబడ్డాయి. తొడ దగ్గర నరంలోంచి వైరు పంపి, బయట పెట్టెకి కలిపి, మీట డెబ్భైకి తిప్పారు. నేను మణికట్టు పట్టుకునే ఉన్నాను. వేళ్ళ కింద నాడి టకటకా మొదలైంది. కాసేపటికి కళ్ళు తెరిచి కొడుకు కోసం చూసి, చుట్ట ఏదిరా అన్నాడు. చుట్ట ఇవ్వలేదనుకో.

కష్టం లేదని మాత్రం అనను. బ్యాటరీ ఎనిమిదేళ్ళో పన్నెండేళ్ళో వస్తుంది, నీ వయసువాళ్ళకి ముందుముందు చాలాసార్లు మార్చాలి. మార్చేది చిన్న పనే, కానీ కోసిన చోటే మళ్ళీ కోస్తారు, ప్రతిసారీ చీము పట్టే భయం కొంత ఉంటుంది. చిన్నవాళ్ళకి అసలు తగువు వైర్లతో. ఏళ్ళ తరబడి చెయ్యి ఆడించి ఆడించి ఎప్పుడో ఒకటి దెబ్బతింటుంది. ఇవన్నీ నిజాలే. మెట్రో మెట్లమీద నువ్వు పడ్డదీ నిజమే. వెనక ఎవరో పట్టుకున్నారు కాబట్టి గడ్డం మీద కుట్లతో పోయింది.

మీ నాన్న మాట కూడా చెవినపడింది. ‘ముందు ఆ సంబంధం తేలనీ, తర్వాత చూద్దాం, ఎక్కడా అనకండి’ అన్నాడట. నాకేం ఆశ్చర్యం లేదు. ఆ మాట వాడిది కాదు, మా ఇంట్లో వాడికంటే ముందు నుంచీ ఉంది.

ఊళ్ళో ఇంట్లో, వసారా గోడ మీది ఫొటోలో మీ నానమ్మ పక్కన రెండు జడలతో నిలబడ్డ పిల్ల ఎవరని చిన్నప్పుడు అడిగేదానివి. పెద్దత్త, జ్వరమొచ్చి పోయింది అని చెప్పేవారు. సుభద్రక్కకి జ్వరం రాలేదమ్మా.

అక్క నాకంటే అయిదేళ్ళు పెద్ద. నాకు పేలు చూసేది, పరికిణీలు కుట్టేది, రేగు వడియాలు దొంగిలించి నా గుప్పిట్లో పెట్టేది. ఉన్నట్టుండి పడిపోయేది. పిండి రుబ్బుతూ ఒకసారి, గుళ్ళో ఒకసారి. ముఖంలో రక్తం చుక్క లేకుండా పాలిపోయేది. కాస్త వణికేది, అంతలోనే లేచి కూర్చునేది. లేచాక ముఖం ఎర్రగా కందిపోయేది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు, వేపమండలతో దిగదుడిచారు. పిల్లకి శోషలొస్తాయని తెలిస్తే పెళ్ళి కాదని మా అందరి నోళ్ళూ కట్టేశారు. నాచేత దేవుడి గదిలో ఒట్టు కూడా వేయించుకున్నారు. మీ నాన్న అప్పటికి గోచీ పిల్లాడు.

1963లో పెళ్ళయింది. మంచి కుటుంబం, కాలువ గట్టు మీదే ఇల్లు. మరుసటి ఏడు కార్తీకంలో, తెల్లవారుజామున, తలమీద నీళ్ళు పోసుకుని దీపం వదలడానికి ఒక్కతే రేవులోకి దిగింది. అక్కడ నీళ్ళు మోకాలి లోతే.

దినాలకి వచ్చిన అక్క అత్తగారు మా అమ్మ పక్కన కూర్చుని ఒకే మాట అంది. ‘చెప్పి ఉంటే నా వెంట తీసుకెళ్ళేదాన్ని కదా వదినా.’ కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది. అమ్మ ఆ తర్వాత కార్తీకంలో దీపం పెట్టలేదు, అక్క పేరు ఎత్తనివ్వలేదు. జ్వరం కథ అప్పుడు పుట్టింది.

చెప్పి ఉంటే అక్క బతికేదని నేను అనుకోను. అప్పటికి లార్సన్ స్వీడన్‌లో బతికే ఉన్నాడు కానీ మా లంక ఊళ్ళకి ఈసీజీ మిషనే రాలేదు. ఒంటరిగా మాత్రం రేవుకి పంపేవారు కాదు. తర్వాత నర్సింగు క్లాసులో ఒకరోజు హార్ట్ బ్లాకు పాఠం చెబుతూ, పడేటప్పుడు పాలిపోతారు, తేరుకునేటప్పుడు ముఖం ఎర్రబడుతుంది అన్నారు. నేను నోట్సు రాయడం ఆపేశాను. మూర్ఛా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, ఇప్పుడు తేల్చేవాళ్ళు లేరు. అక్క నాడి పట్టి చూసినవాళ్ళే లేరు. కానీ మొన్న మీ అమ్మ ఫోన్‌లో ‘మొహం ముందు తెల్లగా అయిపోయింది వదినా, తర్వాత ఎర్రగా’ అని నీ గురించి చెబుతుంటే నేను మాట్లాడలేకపోయాను.

ఇప్పటి రోజులు మారాయంటారు. ఏం మారాయి? పొద్దున తిన్న ఇడ్లీ స్టేటస్‌లో పెడతారు, చేతి వాచీ నాడి లెక్కపెడుతుంది. పెళ్ళి బయోడేటాలో ఎత్తు, రంగు, ప్యాకేజీ, ప్లాటు ఎన్ని గజాలో అన్నీ ఉంటాయి. ఒంట్లో సంగతి ఒక్క ముక్క రాయాలంటే ఇంటిల్లిపాదికీ చెమటలు పడతాయి. మా అమ్మకి చదువు రాదు. మీ నాన్న ఎమ్మెస్సీ.

సరే, ఇక పని చూద్దాం.

ఆసుపత్రి ఫారంలో ‘కుటుంబంలో చిన్న వయసులో హఠాత్తుగా మరణించినవారు’ అన్న గడిలో ‘లేదు’ అని రాశావట. నీకు చెప్పింది రాశావు, నీ తప్పు లేదు. రేపే వెళ్ళి అది కొట్టించు. మేనత్త, 18 ఏళ్ళు, శోషలు వచ్చేవి, నీళ్ళలో పోయింది అని రాయించు. ఇది కబుర్ల కోసం చెప్పట్లేదు. లామిన్ అనే జన్యువులో లోపం కొన్ని కుటుంబాల్లో వరసగా వస్తుంది. అదే ఉంటే వట్టి పేస్‌మేకర్ చాలకపోవచ్చు, అవసరమైనప్పుడు షాక్ కూడా ఇచ్చే ఐసీడీ పెట్టాలంటారు. ఆ జన్యు పరీక్ష నాకు చేయాలా అని నువ్వే అడుగు. సార్కాయిడోసిస్ లాంటి జబ్బేమైనా ఉందేమో చూడ్డానికి గుండె ఎంఆర్‌ఐ పెట్టకముందే తీస్తారా అనీ అడుగు, పెట్టాక తీస్తే ఆ లోహం అడ్డొచ్చి బొమ్మ చెడొచ్చు. పెట్టేది ఎంఆర్‌ఐకి పనికొచ్చేదే పెట్టమను. కుడివైపు కింది గది కొస నుంచే ఏళ్ళ తరబడి కొట్టిస్తే కొందరికి గుండె నీరసిస్తుంది. అందుకని గుండె సొంత కరెంటు దారైన లెఫ్ట్ బండిల్ దగ్గర వైరు పెట్టే పద్ధతి ఇప్పుడు చేస్తున్నారు, అది నీకు కుదురుతుందా అని గుండె లయ చూసే డాక్టరునే, ఎలక్ట్రోఫిజియాలజిస్టునే అడుగు. ఇవన్నీ అడగడానికని ఆపరేషన్ నెలలు వాయిదా వెయ్యకు. ఆయన ఎప్పుడంటే అప్పుడే.

మామూలుగా ఎడమ భుజం ఎముక కింద పెడతారు. నీది పుర్రచేతివాటం, మీ నానమ్మ ఎన్ని మొట్టికాయలు వేసినా మానలేదు. కుడివైపు పెట్టమని ముందే చెప్పు. హ్యాండ్‌బ్యాగు ఏ భుజానికి వేస్తావో, బ్రా పట్టీ ఎక్కడ ఒరుస్తుందో అదీ చెప్పు, సిగ్గుపడకు. మచ్చ రెండంగుళాలుంటుంది. తర్వాత నాలుగైదు వారాలు ఆ చెయ్యి భుజం కంటే పైకి ఎత్తకూడదు, జడ నేను వేస్తాను. భుజం బిగుసుకుపోకుండా కిందికి మాత్రం ఆడిస్తూ ఉండాలి. ఫోన్ చొక్కా జేబులో వద్దు, పెట్టెకి జానెడు దూరంలో ఉంచు. ఇండక్షన్ పొయ్యి మీద పడి వండకు, రెండడుగులు ఎడంగా నిలబడు. పేస్‌మేకర్ కార్డు పర్సులో పెట్టుకో. పిల్లలు పుడతారా అని మీ అమ్మ రాత్రుళ్ళు ఏడుస్తోందట. పేస్‌మేకర్‌తో పిల్లల్ని కన్నవాళ్ళకి నేనే స్నానాలు చేయించానని చెప్పు.

స్కూటీ తాళం మీ నాన్నకిచ్చెయ్. పెట్టించుకుని, డాక్టరు సరే అనేదాకా ముట్టుకోవద్దు. బాత్రూం గడియ వేసుకోకు.

ఆ సంబంధం వాళ్ళకి మీ నాన్న చెప్పడు. నేను చెబుతాను, కుర్రాడి తల్లి నంబరు పంపు. వెనక్కి తగ్గితే తగ్గనీ.

గురువారం గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతున్నాను. శుక్రవారం డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను, ఆ రోజుకి సెలవు పెట్టు.

నీ అత్త

తా.క. మీ నాన్నకీ తమ్ముడికీ కూడా ఈసీజీ తీయించండి. నాది తీయించుకున్నాను, బాగానే ఉంది. మీ నాన్న నాకేం అక్కర్లేదంటే ఈ ఉత్తరం చదవమని ఇవ్వు.