దశావతారాలూ డార్వినూ

2019 జనవరి 4న జలంధర్‌లో, 106వ ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి జి. నాగేశ్వరరావు మాట్లాడారు. ఆయన రసాయనశాస్త్ర ఆచార్యుడు. శ్రోతల్లో బడిపిల్లలున్నారు. కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలనీ, రావణుడికి ఇరవై నాలుగు రకాల విమానాలుండేవనీ చెబుతూ, పరిణామం సంగతిలో డార్విన్ కన్నా మన దశావతారాలే మెరుగైన సిద్ధాంతమని తేల్చారు. దేశమంతా గోలయింది. శాస్త్రవేత్తలు మండిపడ్డారు, నిర్వాహకులు ఆ మాటలతో తమకు సంబంధం లేదన్నారు. కొన్నాళ్లకు అంతా సద్దుమణిగింది.

జలంధర్‌లో వింతగా వినిపించిన ఆ మాట హైదరాబాద్ శివారు హయత్‌నగర్‌లో ఎవరికీ కొత్త కాదు. ఎల్బీనగర్ నుంచి విజయవాడ హైవే పట్టుకుని వస్తుంటే దారి పొడవునా జూనియర్ కాలేజీల బోర్డులు, నీట్ ర్యాంకుల ఫ్లెక్సీలు. బైపీసీ సెకండియర్ జువాలజీలో జీవ పరిణామం ఒక యూనిట్. లామార్క్ జిరాఫీ మెడ, డార్విన్ పిచ్చుకల ముక్కులు, హార్డీ–వీన్‌బర్గ్ సమీకరణం, అన్నీ బిట్ల లెక్కన బట్టీ పట్టాల్సిందే. ఇంటికెళ్తే టీవీలో ప్రవచనం. చేప నీళ్లలో పుట్టింది, తాబేలు ఒడ్డుకెక్కింది, వరాహం నేల మీద తిరిగింది, నరసింహుడు సగం మనిషి, వామనుడు పొట్టి మనిషి, ఆపైన గొడ్డలి పట్టిన పరశురాముడు. “చూశావా, మనవాళ్లు ఎప్పుడో చెప్పారమ్మా” అంటాడు నాన్న. కూతురు తలూపి, మర్నాడు ప్రకృతి వరణం మీద నాలుగు మార్కుల జవాబు రాసి వస్తుంది. రెండింటికీ పేచీ ఉందని ఆ ఇంట్లో ఎవరికీ అనిపించదు.

అమెరికాలో కథ వేరు. 1925లో టెనెసీ రాష్ట్రంలోని డేటన్‌లో పరిణామం బోధించాడని ఒక బడి పంతులును కోర్టుకీడ్చారు. బైబిలు సృష్టిని సైన్సు పేరుతో క్లాసులోకి తేవాలన్న ప్రయత్నాలు 1987లో సుప్రీంకోర్టులోనూ, దానికే కొత్త పేరు పెట్టి తెచ్చినప్పుడు 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ కేసులోనూ ఓడిపోయాయి. మనకు అలాంటి కోర్టు కేసులు లేవు. మనం డార్విన్‌ని గుమ్మం దగ్గర ఆపలేదు. లోపలికి పిలిచి, మా తాతగారు చెప్పిందే మీరూ చెప్పారని పీట వేసి కూర్చోబెట్టాం. ఇన్నేళ్లయినా ఆయన ఏం చెప్పాడో అడగలేదు.

ఈ మర్యాద మరీ ప్రాచీనమైనదేమీ కాదు. డార్విన్ పుస్తకం 1859లో వచ్చింది. దశావతారాలను పరిణామంతో జోడించిన తొలివాళ్లలో దివ్యజ్ఞాన సమాజం స్థాపకురాలు బ్లావట్‌స్కీ ఒకరు, 1877లో. 1882లో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ కలకత్తాలో అదే మాట చెప్పాడు. అంటే డార్విన్ చెప్పిన తరవాతే అది మన పురాణాల్లో కనిపించడం మొదలైంది. అంతకు ముందు వందల ఏళ్లపాటు భాగవతం చదివిన పండితుల్లో ఒక్కరూ మత్స్యకూర్మాలను జంతువుల వంశవృక్షంగా చదివిన దాఖలా లేదు.

చదవకపోవడానికి కారణం పురాణంలోనే ఉంది. సీతారాముల పెళ్లయి తిరిగొస్తుంటే దారిలో అడ్డుపడ్డవాడు పరశురాముడు. ఆయనే భారతంలో కర్ణుడికి అస్త్రవిద్య నేర్పిన గురువు. ఆరో అవతారం, ఏడో అవతారం ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నాయి. ఎనిమిదో అవతారం కాలానికీ ఆరో అవతారం బతికే ఉంది. పరిణామ దశలైతే ఇలా కలుసుకోవు. తొమ్మిదో అవతారం బుద్ధుడా బలరాముడా అన్నదీ తేలలేదు. తాబేలు ఉభయచరం కాదు, సరీసృపం. ఆ పదిమందిలో పిట్ట లేదు, పురుగు లేదు, చెట్టు లేదు, భూమ్మీద అందరికన్నా ముందొచ్చిన సూక్ష్మజీవి అసలే లేదు. అయినా యాదగిరిగుట్టకు మొక్కుకునే భక్తుడు నరసింహుడిని సింహానికీ మనిషికీ నడుమ ఉన్న జీవిగా ఎప్పుడైనా చూశాడా? స్తంభంలోంచి వచ్చినవాడు ప్రహ్లాదుడి కోసం వచ్చాడు. ఆ కథను జువాలజీ పాఠంగా మార్చేవాళ్లు సైన్సుకు ఎంత అన్యాయం చేస్తున్నారో భక్తికీ అంతే చేస్తున్నారు.

ఈ పోలికను సరదాగా మెచ్చుకున్న పెద్దవాళ్లలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకడు. డార్విన్ వరణ సిద్ధాంతానికి లెక్కల పునాది వేసిన ముగ్గురిలో ఆయనొకడు. 1957లో ఇంగ్లండ్ వదిలి ఇండియాకొచ్చాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. 1964 డిసెంబర్ 1న హాల్డేన్ భువనేశ్వర్‌లో చనిపోయాక, ఆయన కోరిక ప్రకారమే దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. పరిణామవాదం తప్పని నిరూపించాలంటే ఏం కావాలని అడిగితే, క్షీరదాలు పుట్టకముందరి అతి పురాతనమైన రాళ్లలో ఒక కుందేలు ఎముక చూపించండి చాలు అన్నాడని చెబుతారు. దశావతారాలను తప్పని తేల్చే ఎముక ఏదీ ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. రెండింటికీ తేడా అక్కడుంది.

హాల్డేన్ అడిగిన పరీక్ష జరిగిన చోటు తెలంగాణలోనే ఉంది. ప్రాణహిత, గోదావరి లోయలో, పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వి తీసిన ఎముకలను పి. యాదగిరి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని లోకానికి పరిచయం చేశాడు. (నరసింహుడి గుట్ట పేరు పెట్టుకున్న మనిషే రాక్షసబల్లికి ఊరి పేరు పెట్టాడు.) వయసు 16 కోట్ల ఏళ్ల పైమాటే. మన పదో తరగతి జీవశాస్త్ర పుస్తకంలో దీని గురించి నాలుగు ముక్కలున్నాయి. దాని అస్థిపంజరం బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే దగ్గరే. పక్క గుట్ట మీద అదే బిర్లాలు కట్టించిన వెంకటేశ్వరస్వామి గుడి. గుడికి వెళ్లేవాళ్లలో ఎందరు ఇటు తిరుగుతారో చెప్పలేం.

ఆ అస్థిపంజరం ముందు కాసేపు నిలబడాలి. అది ఒక్క జంతువు కాదు. కనీసం పన్నెండు జంతువులకు చెందిన 840 ఎముకలు కలగలిసి దొరికాయి. వాటిలోంచి వెన్నుపూసలు వెన్నుపూసలుగా, కాళ్లు కాళ్లుగా ఏరి నిలబెట్టారు. తల మాత్రం దొరకలేదు. రెండు పళ్లు దొరికాయి, అంతే. కాబట్టి అక్కడ మెడ చివర కనిపించే తల దాని బంధువుల తలలను చూసి వేసిన అంచనా. సృష్టివాదులు ఇలాంటి చోటే పట్టుకుంటారు: చూశారా, మధ్యలో లింకులు లేవు, అంతా ఊహే! నిజానికి ఇక్కడ మెచ్చుకోవలసింది ఆ ఒప్పుకోలునే. ఏది దొరికిందో, ఏది అంచనానో విడివిడిగా రాసిపెట్టారు. రేపు యామన్‌పల్లిలో పుర్రె బయటపడితే ఈ తల తీసి అవతల పారేస్తారు, ఎవరి మనోభావాలూ దెబ్బతినవు. కోటాసారస్ దొరికిన ఆ రాతిపొరల్లోనే ఒక చిన్న క్షీరదం దంతం కూడా దొరికింది. 1981లో దానికి పెట్టిన పేరు కోటాథీరియం హాల్డేనీ. కుందేలు మాత్రం దొరకలేదు.

2018 జనవరిలో అప్పటి కేంద్ర మానవవనరుల సహాయమంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు కాబట్టి డార్విన్ తప్పన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి దాన్ని ఖండించాయి. ఇవాళ్టి కోతి మనిషయిందని డార్వినూ అనలేదు. కోతికీ మనిషికీ ఒకే పూర్వీకులున్నారన్నాడు. ఇక చూడడం సంగతంటారా, పరిణామాన్ని మన పత్తి రైతు కళ్లారా చూశాడు.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆకులోనే విషం ఉంటుంది గనక పురుగు చచ్చిపోతుంది. 2010 నాటికే గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటి తరం బీటీని తట్టుకుంటోందని తేలింది. తరవాత రెండు విషాలున్న రెండో తరాన్నీ దాటి మహారాష్ట్ర, తెలంగాణ చేలలోకి వచ్చింది. ఇబ్రహీంపట్నం, యాచారం వైపు పత్తి వేసే రైతుకు విచ్చుకోని గుడ్డిపూలు, లోపల పుచ్చిన కాయలు బాగా తెలుసు. పురుగు మందుకు అలవాటు పడిందంటాడు. జరిగింది వేరు. తట్టుకోగలిగిన కొద్ది పురుగులు అంతకు ముందు నుంచే ఉన్నాయి. మిగతావి చచ్చాక చేలో సంతానం వాటిదే అయింది. ఈ ప్రమాదం ముందే తెలిసే 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం పొట్లం ఒకటి ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. అక్కడ బతికిన మామూలు పురుగులు మొండి పురుగులతో కలిస్తే పిల్లలు మళ్లీ విషానికి లొంగుతాయి. ఆ చిన్న పొట్లం అచ్చమైన డార్విన్ పాఠం. ఎందుకిస్తున్నారో రైతుకు సరిగ్గా చెప్పిన నాథుడు లేడు. చాలామంది దాన్ని గట్టున పారేశారు. పరిణామం తెలియకపోతే పోయేది పరీక్షలో నాలుగు మార్కులే కాదని తెలుస్తూనే ఉంది.

హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్ అమెరికా పరిశోధకులతో కలిసి 2009లో ప్రచురించిన జన్యు అధ్యయనం ఇంకో ఉదాహరణ. మన వైశ్యులు రెండు మూడు వేల ఏళ్లుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటున్నారని అందులో తేలింది. మొదటి కొద్దిమందిలో అనుకోకుండా ఉన్న ఒక జన్యు లోపం అలా వారిలో ఎక్కువైంది. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికిచ్చే సక్సినైల్‌కోలిన్ మామూలు మనిషిలో నిమిషాల్లో విరిగిపోతుంది. ఈ లోపమున్నవారిలో గంటలు పట్టి ఊపిరికి వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది. మత్తు డాక్టర్లకు తెలిసిన విషయమే ఇది. మతంతో, నమ్మకంతో దీనికి పనిలేదు.

మరి నమ్మకం మాటేమిటి? ఇక్కడ మొహమాటం పనికిరాదు. డార్విన్ చెప్పినదాంట్లో భక్తుడిని నిజంగా ఇబ్బంది పెట్టేది కాలం లెక్క కాదు. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల ఏళ్లని లెక్కగట్టిన సంప్రదాయానికి 454 కోట్ల ఏళ్ల భూమి పెద్ద అంకె కాదు. ఇబ్బంది పెట్టేది, ఈ కొమ్మలు చీలడం వెనక ఒక ఉద్దేశం కనిపించకపోవడం. మనిషి చిట్టచివరి మెట్టు కాదు, కొన్ని కోట్ల కొమ్మల్లో ఒకటి. అవతారం సంకల్పంతో దిగివస్తుంది. పరిణామానికి సంకల్పం లేదు. హయత్‌నగర్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చునే పిల్లల్లో, ఆదాము కథ విని పెరిగిన క్రైస్తవ, ముస్లిం పిల్లలకు ఈ పేచీ సూటిగా తగులుతుంది. కొందరు కాదంటారు, కొందరు సర్దుకుంటారు. జన్యుశాస్త్రానికి ఆద్యుడు మెండెల్ మఠంలో సన్యాసి. 1996లో రెండో జాన్ పాల్ పోప్, పరిణామం వట్టి ఊహ స్థాయిని దాటిందని ఒప్పుకున్నాడు. కాదన్నవాడు కనీసం డార్విన్ ఏం చెబుతున్నాడో విన్నాడు. ‘మాకు ముందే తెలుసు’ అన్నవాడు వినలేదు.

సృష్టికర్త లేకుండా ఆలోచించడం ఈ నేలకు పరాయిదేమీ కాదు. వనస్థలిపురం దగ్గర కృష్ణజింకలు తిరిగే పార్కుకు మహావీరుడి పేరుంది. లోకానికి సృష్టికర్త లేడన్న మతం ఆయనది. తొమ్మిదో శతాబ్దంలో జినసేనాచార్యుడు సృష్టివాదాన్ని తర్కంతో తిప్పికొట్టాడు. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి ఇంకో రోడ్డు నాగార్జునసాగర్‌కు పోతుంది. ఒకప్పుడు అక్కడ వర్ధిల్లిన బౌద్ధులకూ సృష్టికర్త లేడు. రుగ్వేదంలోని నాసదీయ సూక్తం సృష్టి ఎలా జరిగిందో పైనున్నవాడికైనా తెలుసో లేదో అని అనుమానపడింది. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా దేవుణ్ని అనుమానించినందుకు 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. వీళ్లెవరూ అన్నీ మా పుస్తకంలోనే ఉన్నాయని ఊరుకున్నవాళ్లు కారు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం భాగం తీసేసింది, పిల్లలకు భారం తగ్గించడానికని. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెబుతూ సంతకాలు చేశారు. ఇంటర్‌లో బైపీసీ తీసుకునేవాళ్లకు అది మళ్లీ ఎదురవుతుంది. కానీ మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలేజీల్లో ఎంపీసీకి పరిగెత్తే సీబీఎస్‌ఈ పిల్లలకు ఇక జన్మలో డార్విన్ క్లాసు లేదు. రాష్ట్ర సిలబస్‌లో ఆ పాఠం ఇంకా ఉంది. ఈ చుట్టుపక్కల బడుల సైన్సు సార్లకు, టీచరమ్మలకు ఒక విన్నపం: పరీక్షలో రాదని ఆ పేజీలు దాటేయకండి. ఒక శనివారం పిల్లల్ని హరిణ వనస్థలికి తీసుకెళ్లి, కృష్ణజింకల్లో మగవాటికే ఆ మెలితిరిగిన కొమ్ములెందుకని అడగండి. దేవుడిచ్చాడని ఒకరంటే అననివ్వండి. ఆడవాటికెందుకివ్వలేదని ఇంకొకరు అడిగేదాకా ఆగండి.