ముందుగా చేసిన తొడుగు



మన పల్లెలనుండి కంప్యూటరు చదువు నేర్చుకొనుటకు హైదరాబాదు వెళ్లు బిడ్డలు అనేకులు అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టునున్న కోచింగు సెంటర్లలో చేరుచున్నారు. అమీర్‌పేటను ఆనుకొనియున్నది పంజగుట్ట. ఆ వీధులలో సెల్‌ఫోను దుకాణములు, ఫోను తొడుగులు అమ్మువారు కనబడుదురు. అక్కడ యౌవనస్థులు ఇంకను విడుదల కాని ఫోనును గూర్చి వాదించుకొందురు. దొంగచాటుగా బయటికి వచ్చిన ఫోటో యొకటి చూచి, కెమెరాలు రెండా మూడా, అంచులు గుండ్రముగా నుండునా చదునుగా నుండునా అని తర్కింతురు. పరీక్ష పాఠములందు అంత శ్రద్ధ యున్నయెడల తండ్రులకు ఎంత నెమ్మది!

ఈ ఊహలన్నియు అబద్ధములని మేము చెప్పము. 2010లో అమెరికాలో ఆపిల్ కంపెనీ ఉద్యోగి యొకడు విడుదల కాని ఐఫోన్ 4ను పానశాలలో మరచిపోగా, ఏప్రిల్ మాసమున దాని ఫోటోలు లోకమంతట వ్యాపించెను. జూన్ 7న కంపెనీవారు చూపినది ఆ రూపమే. మరుసటి సంవత్సరపు సంగతి వేరు. ఒకవైపు పలుచబడి ఏటవాలుగా నుండు ఐఫోన్ 5 వచ్చునని వార్తలు పుట్టెను. తొడుగులు చేయువారు కొందరు ఆ కొలతలు నమ్మి, ముందుగానే చేసి అమ్మకమునకు పెట్టిరి. 2011 అక్టోబరు 4న కంపెనీవారు చూపినది ఐఫోన్ 4ఎస్. దాని రూపము పాతదే. తొడుగులున్నవి, వాటిలో పట్టు ఫోను లేదు.

మెస్సీయ విషయములోను ఇట్లే జరిగెను. ప్రవక్తల వ్రాతలు దొంగచాటు ఫోటోలు కావు, దేవుడిచ్చినవి. అయినను అనేకులు తమకు ఇష్టమైన భాగము తీసికొని, రోమీయులను తరుము రాజునకు సరిపడు తొడుగు చేసికొనిరి. రొట్టెలు తిన్న జనులు ఆయనను బలవంతముగా అందులో దూర్చజూచిరి. ఆయన ఒంటరిగా కొండకు వెళ్లిపోయెను (యోహాను 6). నతనయేలు సహితము నజరేతు పేరు విని సందేహించెను. అయితే ఫిలిప్పు పిలువగా లేచి వెళ్లి ఆయననే చూచెను. అతనికి మేలైనది అదియే.

ఇప్పుడు రాకడ దినమును లెక్కగట్టిన పటములతో పల్లెలకు వచ్చువారు కలరు. అమెరికాలో విలియం మిల్లరు బోధను అనుసరించినవారు 1844 అక్టోబరు 22న ప్రభువు వచ్చునని కనిపెట్టిరి. కొందరు రైతులు చేలలో పంట కోయక విడిచిరి. ఆ దినము గడచెను; చలికాలము వచ్చెను. తానే ఎరుగనని కుమారుడు చెప్పిన దినము (మార్కు 13) పటము గీయువానికి ఎవరు చెప్పిరి? మిరపచేని అప్పు, బిడ్డ ఫీజు, కారుచున్న ఇంటికప్పు, ఇవి రాకడ సమీపమని మానదగిన పనులు కావు. పని మానిన థెస్సలొనీకయులకు పౌలు ఏమి వ్రాసెనో రెండవ పత్రిక 3వ అధ్యాయము ఇంటిల్లిపాది చదువుడి.

సమాధియొద్ద తల్లులు మమ్మును అడుగుదురు: అయ్యగారూ, నా బిడ్డ ఏ రూపముతో లేచును? ఎన్నేండ్ల వానిగా కనబడును? ఆ ప్రశ్న అమీర్‌పేట ముచ్చట వంటిది కాదు. ప్రభువు రొమ్మున ఆనుకొనిన యోహాను సహితము ఆ రూపము గీయలేదు. రాబోవు మన రూపము ఇంకను తెలియజేయబడలేదనియు, ఆయనను పోలియుందుమనియు మాత్రము వ్రాసెను (1 యోహాను 3). మేమును అంతవరకే చెప్పి, ఆ తల్లియొద్ద కూర్చుందుము.