కటికి నీళ్లు

వానాకాలంలో కటికి జలపాతం ఎర్రమట్టి రంగులో దూకుతుంది. దసరా వెళ్లి కార్తీకం వచ్చేసరికి నీరు తేటపడుతుంది. మోకాల్లోతులో ఉన్న గులకరాయి మీది చారలు కూడా కనిపిస్తాయి. ఆ జలపాతం ఉన్న అనంతగిరి కొండలంటే నాకు ప్రాణమైన రోజులవి. అరకు దారి పొడవునా వలిసె చేలు పసుపుపచ్చగా విరబూస్తాయి. కాఫీ గుత్తిలో ఒక కాయ ఎర్రబడితే దాన్ని ఆనుకున్నది ఇంకా పచ్చిగానే ఉంటుంది.

ఆ కొండల్లో నేను వెతుక్కుంటున్నది ఏమిటని ఈమధ్య నన్ను నేనే నిలదీసుకుంటున్నాను. మనిషి చెయ్యి పడని చోటు కావాలనే కోరిక నాలో ఎప్పటినుంచో ఉంది. తీరా చూస్తే, నేను మైమరచిపోయే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. దాని నీడన పెరిగే కాఫీకీ, ఆ వలిసెకీ పుట్టిల్లు ఇథియోపియా. మిరియపు తీగను మాను మీదికి పాకించేదీ, కాఫీ పళ్లు ఏరేదీ, నూనెగింజల కోసం వలిసె చల్లేదీ ఆ కొండల ఆదివాసులు. ఏకాంతమని నేను అనుకున్న లోయ నిండా వాళ్ల రెక్కల కష్టమే.

అయినా ఫొటో తీసేటప్పుడు, తట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న అవ్వ దాటిపోయేదాకా ఆగుతాను. ఎందుకని? ఆవిడ ఫొటోలో ఉంటే అది ఆవిడ ఊరు. లేకపోతే కాసేపు నాదనుకోవచ్చు. ఆ ఆశ నాలో చాలా లోతుకు దిగి ఉంది.

కటికి నీరు గోస్తనిది. బొర్రా గుహల గుండా పారే ఆ నది మీదే 1960లలో తాటిపూడి జలాశయం కట్టారు. విశాఖకు అక్కడినుంచి తాగునీరు వస్తుంది. నేనుండేది విశాఖలోనే. వాన వెలిసిన వారాలకు కూడా జలపాతం పారుతోందంటే, వేళ్లూ మట్టీ పట్టి ఉంచిన నీరు ఊటలై గెడ్డల్లోకి దిగుతోందన్నమాట. అడవి పలచబడితే వాన రోజున పొంగిపోవడం, తర్వాత ఎండిపోవడం. ఇదంతా తెలిసి కూడా, జలపాతం ముందు చేతులు జోడించే నేను ఇంట్లో కుళాయి కట్టకుండానే పళ్లు తోముకుంటాను. కొన్ని కొండ ఊళ్లలో ఆడవాళ్లు ఇప్పటికీ బిందె పట్టుకుని ఊటగెడ్డకు నడుస్తున్నారు.

వైశాఖపు ఎండల్లో నేనెప్పుడూ కటికి వైపు పోలేదు. ధార సన్నబడి, బండ బయటపడి, చేలు బోడిగా ఉన్నప్పుడు ఒకసారి వెళ్లాలి. నాకు ఇష్టమైనది ఆ కొండో, కార్తీకంలో అది కట్టుకునే సింగారమో అప్పుడు గానీ తేలదు.